ఎడమకాలి మేజోడు

పోయిన నెల మా మనవరాలు తిరుపతి నుంచి వచ్చింది. ఏదో పరుగు పందెంలో చేరిందట, పది కిలోమీటర్లు. వచ్చీరాగానే సంచిలోంచి నాలుగు జతల మేజోళ్ళు తీసి నా మంచం మీద పరిచింది. వాటిని ఇప్పుడెవరూ మేజోళ్ళు అనడం లేదు, సాక్స్ అంటే చాలు. ఒక జత మరీ పొట్టిది, మడమ దగ్గరే ఆగిపోతుంది. ఇంకోదానికి ఒక్కో వేలికి ఒక్కో తొడుగు ఉంది. మిగతా రెండింటి మీద ఎడమ, కుడి అని గుర్తులు కూడా ఉన్నాయి. "ఇందులో ఏది మంచిది అవ్వా? అయినా నీకేం తెలుస్తుందిలే" అని ప్రశ్నా జవాబూ తనే చెప్పుకుని ఫోను చూసుకుంటూ కూర్చుంది. నేను ఒక్కొక్కటే తీసుకుని, లోపలికి చెయ్యి పెట్టి తిరగేసి, వేళ్ళ దగ్గరి కుట్టు మీద బొటనవేలితో రాసి చూశాను. మూడో జత పక్కన పెట్టి, "ఇది తొడుక్కో. మిగతావి బొబ్బలు తెప్పిస్తాయి. తొడుక్కునే ముందు రెండుసార్లు ఉతుకు, కొత్త గంజి పోవాల" అన్నాను. పిల్ల ఫోను దించి నా మొహంలోకి చూసింది. "నువ్వెప్పుడన్నా పరిగెత్తినావా అవ్వా?" అంది. చిన్నప్పుడు ఒక ఏడాది పరిగెత్తినానని చెప్పి, కాఫీ పెడతానని లోపలికి పోయాను. వంటింట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయేదాకా అట్లాగే నిలబడి ఉన్నాను. ఆ ఏడాది సంగతి నేనింతవరకూ ఎవరికీ చెప్పలేదు. అది తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను.

అప్పుడు మాది చిత్తూరు. నాయన ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరు. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోతే, అమ్మను కన్న అవ్వ నగరి నుంచి వచ్చి మా ఇల్లు పట్టుకుంది. నాయన సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టేసరికి ఆయన కంటే ముందు కార్బాలిక్ సబ్బు వాసన వచ్చేది. కాళ్ళు కడుక్కుని, చాప మీద కూర్చుని, మరుసటి రోజు మందు సీసాలకు అంటించే కాగితపు పట్టీలు కత్తిరించేవాడు. పట్టీకి రెండు పక్కలా చిన్న చిన్న గంట్లు, ఒక్కో గంటు ఒక పూట మందు. కత్తెర చప్పుడు, అవ్వ సంగటి గెలికే తెడ్డు చప్పుడు, రోట్లో ఊరుబిండి పచ్చడి నూరుతున్న చప్పుడు, ఇవే మా ఇంటి సాయంత్రాలు. నాయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. రోగులు చెప్పే మాటలు వినీ వినీ ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మాటలు అయిపోయేవని అవ్వ అనేది.

సంగటి తినకముందు అవ్వకొక పని ఉండేది. మమ్మల్ని పెరట్లో రాతిబండ మీద కూర్చోబెట్టి, గంగాళంలో వేణ్ణీళ్ళు పోసి మా కాళ్ళు కడిగేది. తన రవికకు ఎప్పుడూ ఒక పిన్నీసు గుచ్చుకుని ఉండేది. దాన్ని లాంతరు మంటలో చూపించి, పాదాల్లో దిగిన పల్లేరు ముళ్ళు తీసేది. తర్వాత వెచ్చచేసిన ఆముదం రాసేది. మమ్మల్ని అన్నది ఎందుకంటే ఆ ఏడాది మా ఇంట్లో నాతో పాటు కనకక్క కూడా ఉండింది. కనకం మా పెద్దమ్మ కూతురు, నాకంటే రెండేళ్ళు పెద్దది. నగరిలో వాళ్ళది మగ్గాల ఇల్లు. యుద్ధం రోజుల్లో నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయినాయి. పెద్దనాయన అంతకు మూడేళ్ళ ముందే కాశీకి పోయి తిరిగి రాలేదని చెప్పుకునేవాళ్ళు. పెద్దమ్మ ఇంటి కష్టం తట్టుకోలేక కనకక్కను చదువుకోసమని మా దగ్గరికి పంపించింది. పొడుగాటి పిల్ల, చామనచాయ, నవ్వితే చెంపకు సొట్ట పడేది. మాటల్లో అరవం కలిసేది. "ఆమా మే", "సీక్రం రా మే" అంటుంటే బళ్ళో పిల్లలు నవ్వేవాళ్ళు, ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేది.

ముళ్ళు తీసేటప్పుడు నేను అరిచి గోల పెట్టేదాన్ని. కనకక్క కుడికాల్లో ముల్లు తీస్తే పెదవి కొరుక్కునేది. ఎడమకాల్లో ఎంత లోతుగా దిగిన ముల్లు తీసినా ఆకాశం చూస్తూ ఏదో ఒక కబురు చెబుతూనే ఉండేది. "సూసి నేర్చుకో సరోజా, ఎంత గట్టి పిల్లో" అని నాయన ఒకసారి చాప మీద నుంచి అన్నాడు. పిన్నీసు పట్టుకున్న అవ్వ చెయ్యి కొంచెంసేపు ఆగింది. కనకక్క ఎడమ చీలమండ పైన రూపాయంత మచ్చ ఉండేది, చుట్టుపక్కల చర్మం కంటే కొద్దిగా పాలిపోయి, ఎండిపోయినట్టు. మామూలు శోభి మచ్చేనని చెప్పి అవ్వ దాని మీద గంధకం కలిపిన కొబ్బరినూనె రాసేది. రాసేటప్పుడు లాంతరుకు తన వీపు అడ్డం పెట్టుకునేది. ఆమెకు వెలుతురు కావాల్సింది పోయి ఎందుకు చీకటి చేసుకుంటుందో నాకు అర్థమయ్యేది కాదు.

మా ఆడపిల్లల బడికి ఆ ఏడాది కొత్త డ్రిల్లు టీచరు వచ్చింది, రూతమ్మ టీచరు. సన్నగా, నిటారుగా ఉండేది, మెడలో ఈల. ఆడపిల్లలు పరిగెత్తడమేమిటని ఊళ్ళో చాలామంది అన్నారు. టీచరు ఇంటింటికీ తిరిగి తల్లులతో మాట్లాడి పన్నెండుమందిని పోగు చేసింది. మా బడి మైదానం అంతా మొరం, గట్ల వెంబడి పల్లేరు. ఎవరో తెల్లదొరసాని ఊరు వదిలి పోతూ ఒక ట్రంకుపెట్టె టీచరుకు ఇచ్చి పోయింది. అందులో పాత కాన్వాస్ బూట్లు ఏడెనిమిది జతలు, వాటి కింద గుట్టగా మేజోళ్ళు. బొంత మాదిరి దళసరి ఉన్నివి, నూలువి, జారిపోయే పట్టువి, మోకాలి దాకా వచ్చే నల్లవి, ఎర్రగీతలవి. మాలో ఎక్కువమంది అప్పటిదాకా కాళ్ళకు చెప్పులు కూడా ఎరగనివాళ్ళం. పెట్టె తెరవగానే కలరా ఉండల వాసన గుప్పుమంది.

టీచరు మమ్మల్ని మెట్ల మీద కూర్చోబెట్టి మేజోళ్ళ పాఠం చెప్పింది. "బూటు ఎట్లాంటిదైనా పర్వాలేదు. మేజోడు సరిగా లేకపోతే రెండో చుట్టుకే కూలబడతారు" అంది. మడమ గుంట సరిగ్గా మడమ మీదికి రావాలి. వేళ్ళ దగ్గర ముడత పడితే అక్కడే బొబ్బ లేస్తుంది. పట్టువి చూడ్డానికి బాగుంటాయి గానీ లోపల పాదం జారి వేళ్ళు బూటుకు గుద్దుకుంటాయి. ఉన్నివి ఉక్కకు దురద పెడతాయి గానీ చెమట పీలుస్తాయి. నూలువి తడిస్తే బరువు. కుట్టు కొరుకుతుంటే తిరగేసి తొడుక్కుని కుట్టు బయటికి పెట్టుకోవాలి. చెప్పేసి, ఒక్కొక్కరినీ ఒక్కో రకం తొడుక్కుని నాలుగు చుట్లు పరిగెత్తమంది. తిరిగొచ్చినాక పాదాలు చాపించి ఎక్కడ కందిందో, ఎక్కడ మండుతుందో అడిగి ఒక పుస్తకంలో రాసుకుంది. అందరం ఏదో ఒకటి చెప్పాం. కనకక్క ఉన్నివీ, నూలువీ, పట్టువీ మూడూ ఒకదాని తర్వాత ఒకటి తొడుక్కుని పరిగెత్తింది. మూడుసార్లూ అందరికంటే ముందు వచ్చింది. "కుడికాలికి పట్టువి కొంచెం జారతా ఉండాయి టీచర్. ఎడమకాలికి ఏదైనా ఒకటే" అంది. టీచరు నవ్వి, ఇట్లాంటి పాదాలు దేవుడు ఎవరికో గానీ ఇవ్వడు అంది. కనకక్క మోకాళ్ళ దాకా వచ్చే నల్లవి తీసుకుంది. ఆ ఎండలో అవెందుకని నేనడిగితే, "అందంగా ఉండాయి మే" అంది. నేను ఎర్రగీతలవి తీసుకున్నాను. రోజూ ఆమె మొదట, నేను రెండు. ఎంత పరిగెత్తినా ఆమె జడ నాకంటే నాలుగడుగులు ముందే ఊగుతూ ఉండేది.

తిరుపతిలో ఆడపిల్లల బడులకు పందేలు పెడుతున్నారని, నాలుగు చుట్ల పరుగుకు ఒక్కో బడి నుంచి ఒక్కరే రావాలని కబురొచ్చింది. ఇంకా మూడు వారాలు టైముంది. కనకక్క పోతుందని వేరే చెప్పనక్కర లేకపోయింది. టీచరు నన్ను పక్కకు పిలిచి, "నువ్వు కూడా మానకుండా రా. ఆ పిల్లకు ఏమన్నా అయితే నువ్వే పోవాల" అంది. ఆ మాట నా కడుపులో పడి అక్కడే ఉండిపోయింది.

మా ఇద్దరి మేజోళ్ళూ ఉతికే పని నాది. ఆ రోజు పెరట్లో కుంకుడు నురగలో ముంచుతుంటే కనకక్క ఎడమకాలి మేజోడు అట్టలాగా బిగుసుకుని ఉంది. నల్లది కాబట్టి రంగు తెలియలేదు. నీళ్ళలో నాని మెత్తబడేకొద్దీ నీళ్ళు ఎర్రబడ్డాయి. తిరగేస్తే అరికాలి దగ్గర రక్తం, దాంతో పాటు పచ్చగా ఇంకేదో. వాసన వచ్చింది. నేను పోయి ఆమె బూటు తెచ్చి లోపల చెయ్యి పెట్టాను. నా వేలికి చురుక్కుమని దిగింది. ఆ పాత బూట్లకు అడుగు అరిగిపోతే టైరు ముక్కలు పెట్టి మొలలు కొట్టించినారు. ఒక మొల బియ్యపుగింజంత పైకి పొడుచుకుని వచ్చి ఉంది. ఆ రోజు పొద్దున కనకక్క దాని మీద నాలుగు చుట్లు పరిగెత్తింది. ముందురోజు కూడా పరిగెత్తి ఉంటుంది.

ఆమె గడప మీద కూర్చుని తల దువ్వుకుంటూ ఉండింది. నేను బూటు ఆమె ముందు పెట్టి, "నొప్పి లేదా అక్కా?" అన్నాను. బూట్లో చెయ్యి పెట్టి మొల తాకి చూసుకుంది. దువ్వెన ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత వీధివైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "ఆ కాలు నాది కాదు మాదిరి ఉంటాది మే. పోయిన ఏడాది నుంచి అంతే. మొదట మచ్చ దగ్గరే, ఇప్పుడు కింద దాకా వచ్చేసినాది." బూటు పక్కకు జరిపి, "మా నాయన కాశీకి పోలేదు. ఆయన చేతులు కూడా ఇట్లాగే మొదలైనాయి. ఒకనాడు తెల్లారేసరికి ఇంట్లో లేడు. పోయినాడో, పొమ్మన్నారో మా అమ్మ సెప్పదు" అంది.

పెద్దరోగం అనే మాట మా ఇద్దరిలో ఎవరూ అనలేదు. నాకు పన్నెండేళ్ళు, ఆమెకు పద్నాలుగు. ఆ మాట ఎవరింటి గురించైనా అనాల్సివస్తే అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అనడం నేను చూసి ఉన్నాను. కనకక్క నా చెయ్యి పట్టుకోబోయి మానుకుంది. "పందెం అయ్యేదాకా సెప్పొద్దు. ఒక్కసారి తిరపతిలో పరిగెత్తినాక ఏమైనా కానీ. సెప్పనని అను మే" అంది. చెప్పనన్నాను.

ఆ తర్వాతి రోజులు నాకు ఒక్కొక్కటీ విడివిడిగా గుర్తున్నాయి. కనకక్క మొలను రాయితో కొట్టి వంచింది. పుండు మీద పాతచీర పేలిక చుట్టి, దాని మీద నూలు మేజోడు, దాని మీద నల్లది తొడిగేది. పరిగెత్తేటప్పుడు ముందటి మాదిరే పరిగెత్తేది. నేను వెనకాల నుంచి ఆమె ఎడమకాలినే చూస్తూ పరిగెత్తేదాన్ని. అది నేలను తాకేటప్పుడు చప్పుడు మారింది. కుడికాలు అడుగు వేస్తే ఒక రకం, ఎడమకాలు వేస్తే ఏదో మూటను పడేసినట్టు ఇంకో రకం. టీచరుకు అది వినిపించలేదో, వినిపించినా గెలుపు మీదే మనసు పెట్టుకుందో తెలియదు. సాయంత్రం అవ్వ కాళ్ళు కడగడానికి పిలిస్తే, "నేనే కడుక్కుంటాలే అవ్వా" అని కనకక్క బావి పక్కకు పోయేది. అంతకుముందయితే అవ్వ ఊరుకునే మనిషి కాదు. ఇప్పుడు ఊరుకునేది. నా కాళ్ళు మాత్రం ముందుకంటే ఎక్కువసేపు కడిగేది, వేళ్ళ సందులన్నీ లాంతరు దగ్గరికి పెట్టి చూసేది. పిన్నీసు మొన నా పాదమంతా అక్కడక్కడా తాకించి, "నొప్పి పుట్టిందా?" అనేది. పుట్టిందంటే ఆమె ఊపిరి వదలడం నాకు వినిపించేది.

మేమిద్దరం ఒకే చాప మీద పడుకునేవాళ్ళం. నేను మెల్లమెల్లగా పక్కకు జరగసాగాను. మొదటిరోజు జానెడు, తర్వాత మూరెడు. కనకక్క చూసింది. ఒక సాయంత్రం ఏమీ అనకుండా తన దుప్పటి తీసుకుపోయి ధాన్యం గాదె పక్కన పరుచుకుంది. నేను లేవగానే ఎవరూ చూడకుండా చీపురుపుల్లతో నా అరచేతులూ అరికాళ్ళూ గుచ్చుకుని చూసుకునేదాన్ని. బళ్ళో కూర్చున్నా నా మోచేతుల మీద మచ్చలే వెతుక్కునేదాన్ని. ఇంట్లో ఏదో కుళ్ళుతున్న వాసన సన్నగా ఉండేది. అవ్వ రోజూ గుగ్గిలం పొగ వెయ్యడం మొదలుపెట్టింది. ఆ వాసనా ఈ వాసనా కలిసి అన్నంలో కూడా వచ్చేది. నాయన ఒకటి రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, "ఎలక ఏమన్నా సచ్చిందేమో సూడు అత్తా" అన్నాడు. సూస్తాలే అని అవ్వ అంది.

మొల సంగతి తెలిసిన పదకొండో రోజు నేను ఎన్నడూ లేనంత గట్టిగా పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తానో తెలియదు. చివరి మలుపులో ఆమె జడ నా చేతికందేంత దగ్గరకు వచ్చింది. అయినా ఆమే ముందు చేరింది. చేరి, గోడకు ఆనుకుని, నన్ను చూసి నవ్వింది. ఆమె మొహం జ్వరంతో కమిలిపోయి ఉంది. "ఇంకొక్క అడుగు వేసుంటే నువ్వే మే" అంది. ఆ సాయంత్రం నాయన పట్టీలు కత్తిరిస్తుంటే నేను పోయి ఆయన ముందు కూర్చుని అంతా చెప్పేశాను. రక్తం, మొల, మచ్చ, పెద్దనాయన సంగతి, అన్నీ. చెబుతున్నంతసేపూ నాయన కత్తెర ఆపలేదు. చెప్పడం అయినాక చూస్తే ఆ పట్టీకి ఎన్ని గంట్లు పెట్టాడో లెక్కలేదు, అది ఏ సీసాకూ పనికిరాదు. దాన్ని ఉండ చుట్టి పక్కన పెట్టి, "ఎవురితోనూ అనొద్దు. పోయి పడుకో" అన్నాడు.

పొద్దున్నే పెరటి వరండాలో ముక్కాలిపీట వేసి కనకక్కను కూర్చోమన్నాడు. "అమ్మణ్ణీ, కండ్లు మూసుకో" అని ఆయన తన తువ్వాలు ఆమె కళ్ళకు కట్టాడు. చేతిలో ఒక కోడి ఈక. "నేను యాడ తాకితే ఆడ వేలు పెట్టి సూపించు" అన్నాడు. కుడికాలి మీద ఈక తాకించాడు. తాకించినచోటల్లా కనకక్క వేలు పెట్టి, "ఈడ చిన్నాయనా, ఈడ" అని చూపించింది. తర్వాత ఎడమకాలు. మచ్చ మీద తాకించాడు, చీలమండ మీద, పాదం మీద, వేళ్ళ మీద. ఆమె తల పక్కకు వంచి, చెవితో వినడానికి ప్రయత్నిస్తున్నదాని మాదిరి కూర్చుంది. నాయన ఈకను గాలిలోకి ఎత్తి పట్టుకున్నాడు. "ఈడ" అంది కనకక్క, మడమ మీద వేలు పెట్టి. నాయన చెయ్యి కదపలేదు. "ఈడ" అని ఇంకోచోట చూపించింది. "ఈడ చిన్నాయనా. ఇప్పుడు ఈడ." ఆయన ఈకను కింద పెట్టి, తువ్వాలు విప్పకుండానే, రెండు చేతులతో ఆమె పాదం పట్టుకుని పేలిక విప్పి పుండు చూశాడు. నేను తలుపు వెనక నుంచి చూస్తూ ఉన్నాను.

అవ్వ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నాయన లేచి, "నీకు తెలుసా అత్తా?" అన్నాడు. "తెలుసు" అంది అవ్వ. "ఈ బిడ్డ ఈడికి రాకముందే తెలుసు." నాయన గొంతు పెంచిన మనిషి కాడు, అప్పుడూ పెంచలేదు. "నేను రోజూ సీసాలు కడిగేది ఎందుకు? నాతో ఒక్క మాట అనుంటే సరిపోయేది గదా" అన్నాడు. "అని? ఊరంతా తెలిస్తే ఈ ఇంటి ముందర ఎవురు నిలబడతారు? నీ డాక్టరు నిన్ను మందు కలపనిస్తాడా? ఇద్దరాడపిల్లలుండారు. ఒకదానికి వచ్చింది గాక రెండోదాని బతుకు కూడా తగలెయ్యాల్నా?" అంది అవ్వ. కనకక్క కళ్ళకు కట్టిన తువ్వాలుతోనే కూర్చుని ఇద్దరి మాటలూ విన్నది.

వేలూరు దాటినాక ఊరికి దూరంగా ఆ రోగానికే ఒక ఆసుపత్రి ఉండేది. అడవిబాదం నూనె సూదులు వేస్తారు. నయమవుతుందని ఎవరూ ఖాయంగా చెప్పేవాళ్ళు కాదు. పోయినవాళ్ళు తిరిగి రావడం మాత్రం ఎవరూ చూడలేదు. నాయన మర్నాడే పోవాలన్నాడు. కబురందుకుని పెద్దమ్మ నగరి నుంచి వచ్చింది. వాకిట్లోనే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు, కూతుర్ని దగ్గరికి తీసుకోలేదు. తెచ్చిన కొత్త పావడా గుడ్డ అరుగు మీద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని, తాను వచ్చిన, బొగ్గుతో నడిచే బస్సులోనే తిరిగి పోయింది.

బండి ఎక్కేముందు కనకక్క నన్ను పిలిచింది. నేను దగ్గరికి పోలేదు, రెండు బారల దూరంలో నిలబడ్డాను. ఎవరు చెప్పారో ఆమెకు తెలుసు. "తిరపతికి నువ్వే పోతావు గదా" అంది. అవునన్నాను. "మలుపులో లోపలి పక్క పట్టుకో. నువ్వెప్పుడూ బయటికి పోతావు, ఆడే నాలుగడుగులు పోతాయి నీకు" అంది. అంతే చెప్పింది. బండి కదిలినాక అవ్వ ఆమె చాపా, దుప్పటీ, మా ఇద్దరి మేజోళ్ళూ పెరట్లో వేసి కిరసనాయిలు పోసి కాల్చింది. ఉన్ని కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుందని నాకప్పుడే తెలిసింది. బళ్ళో కనకానికి సంబంధం కుదిరిందని చెప్పినాం. రూతమ్మ టీచరు, చదువుకునే పిల్లకు ఇంత తొందరగా పెళ్ళేమిటని బాధపడి, తర్వాత నా భుజం మీద చెయ్యి వేసింది.

తిరుపతికి పోయేముందు టీచరు ట్రంకుపెట్టె మళ్ళీ తెరిచి నాకు నచ్చినవి తీసుకోమంది. ఏవి మంచివో నాకప్పటికి బాగా తెలుసు. దళసరి నూలువి, మడమ సరిగ్గా కూర్చునేవి ఒక జత పైనే ఉన్నాయి. నేను వాటిని పక్కకు పెట్టి, అడుగు నుంచి ఒక పట్టు జత తీశాను. వేళ్ళ దగ్గర మందంగా మాటు వేసిన జత, ఎవరూ ముట్టనిది. తిరగెయ్యకుండా, కుట్టు లోపలికే పెట్టి తొడుక్కున్నాను. ఈల ఊదినారు. మొదటి చుట్టులోనే చిటికెనవేలి దగ్గర రాపిడి మొదలైంది. రెండో చుట్టుకు మండింది. మూడో చుట్టుకు బొబ్బ చితికి, అడుగు వేసినప్పుడల్లా నిప్పు మీద వేసినట్టు ఉండింది. నాకు సంతోషంగా ఉండింది. కుడికాలు మండింది, ఎడమకాలు మండింది, రెండూ మండుతున్నాయి, రెండూ నావే. కళ్ళనిండా నీళ్ళతో, మలుపుల్లో లోపలి పక్క పట్టుకుని పరిగెత్తాను. మొదట వచ్చాను. ఏడుస్తున్నానని చూసి టీచరు గెలిచిన సంతోషమనుకుని దగ్గరికి తీసుకుంది. ఒక కంచు గ్లాసు ఇచ్చినారు. అవ్వ దాన్ని అటక మీద పెట్టింది, మళ్ళీ దించలేదు. నేను ఆ తర్వాత పరిగెత్తలేదు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొన్నాళ్ళకు ఆ రోగానికి కొత్త మాత్రలు వచ్చినాయని నాయన ఒక సాయంత్రం చెప్పాడు. చెప్పి, చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి కనకం పేరు పలికాడు. ఆయన మూడు నెలలకొకసారి ఒంటరిగా పోయి చూసి వచ్చేవాడని నాకు అప్పుడే తెలిసింది. ఇప్పుడయితే ప్రభుత్వ ఆసుపత్రిలో మాత్రల అట్టలు ఊరికే ఇస్తారు. ఏడాదిలోపల నయమవుతుందని గోడ మీద బొమ్మలు వేసి రాస్తారు. మచ్చ చూపించుకోవడానికి వచ్చిన వాళ్ళను ఎవరూ దూరంగా నిలబెట్టరు. అయినా ఈ మధ్య మా వీధిలో ఒకామె ఆ రోగం మాట ఎత్తబోయి ముందు తలుపు దగ్గరగా వేసింది. మందు దొరికి ఇన్నేళ్ళయినా ఆ మాటకు తలుపు వేసుకునే అలవాటు పోలేదు.

నాకు పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టి, నాయన పోయినాక ఒకసారి నేనే వేలూరు బస్సెక్కాను. కనకక్కకు ఎప్పుడో నయమైపోయింది. ఇంటికి రమ్మని ఎవరూ పిలవలేదు, ఆమె కూడా అడగలేదు. అక్కడే చెప్పులు కుట్టే కొట్లో పని చేస్తూ ఉండింది. స్పర్శ లేని పాదాలకు మెత్తటి రబ్బరు చెప్పులు, వాటి లోపలికి ఎవరికి ఎట్లాంటి మేజోళ్ళు సరిపోతాయో చూసి ఇవ్వడం ఆమె పని. జుట్టు అప్పటికే నెరిసింది. చెంప సొట్ట మాత్రం అట్లాగే ఉంది. ఎడమపాదానికి మూడు వేళ్ళు లేవు. నన్ను చూసి, "వచ్చినావా మే" అంది, నిన్న విడిపోయినట్టు. కొట్లో ఇంకెవరూ లేరు. నేను ఎన్నో ఏళ్ళుగా మోసుకు తిరిగినది ఆమె ముందు పెట్టేశాను. "నేను నాయనకు సెప్పింది నీ కోసమో, పందెం కోసమో నాకు ఇప్పటికీ తెలీదు అక్కా" అన్నాను.

ఆమె చేతిలోని రబ్బరు ముక్కను గుండ్రంగా కత్తిరిస్తూనే విన్నది. "సెప్పినందుకు నాకెప్పుడూ కోపం లేదు మే" అంది. "ఈడికొచ్చిన దినం డాక్టరమ్మ కాలు సూసి, పుండు ఎన్నాళ్ళ నుంచి ఉండాదని అడిగింది. పదకొండు దినాలు దాచినానన్నా. మొదటి దినమే తీసుకొచ్చుంటే వేళ్ళు నిలిచేటివి అనింది."

"నువ్వే గదా సెప్పొద్దన్నావు" అన్నాను.

"నేనే అన్నా" అంది కనకక్క. "నాకు పద్నాలుగేండ్లు, నీకు పన్నెండు. మనకేం తెలుసు. అవ్వకు అరవై దాటినాయి గదా మే, ఆమె నోరు తెరవలేదే." కత్తెర పక్కన పెట్టి, అరచేతులు తుడుచుకుని, నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తీసుకుని తాగాను. సాయంత్రం దాకా ఆమె పక్కన కూర్చుని ఉన్నాను. వచ్చినవాళ్ళకు ఆమె మేజోళ్ళు తొడిగి చూడడం, లోపల చెయ్యి పెట్టి ఎక్కడ ముడత ఉందో తడిమి చూడడం, "కాలు సెప్పదు, కన్నుతోనే సూసుకోవాల, రోజూ సూసుకోవాల" అని ఒక్కొక్కరికీ ఓపికగా చెప్పడం చూశాను.

ఇంటికొచ్చేసరికి బాగా చీకటి పడింది. ఎక్కడికి పోయినావని మా ఆయన అడిగారు. నగరికి పోయినా, పెద్దమ్మను చూసొచ్చినా అన్నాను. కనకక్క ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా బతికింది. నేను ఇంకో ఎనిమిదిసార్లు పోయాను. ఎనిమిదిసార్లూ నగరికే పోయొచ్చినానని చెప్పాను. పెద్దమ్మ పోయినాక కూడా.